మల్లరంగమున దుష్టపాత్రధారి

గడచిన శీతకాలమున నొకనాటి మధ్యాహ్న విరామమందు మన పాఠశాల యావరణములోని వేపచెట్టు నీడను కొందఱు బాలురు కుస్తీయాట యాడుచుండిరి. టెలివిజనులోను, చేతిఫోనులలోను వారు చూచు పాశ్చాత్యుల కుస్తీకి అది యనుకరణము. ఆటకు ముందు పాత్రల పంపకము జరిగెను. ప్రతివాడును తానే వీరుడు కావలెనని పట్టుపట్టెను. దుష్టుడగుటకు మాత్రము ఒక్కడును ఒప్పుకొనలేదు. తుదకు వారిలో బలహీనుడును మితభాషియు నైన యొకనిని పట్టి, "నీవే దుష్టుడవు" అని నిర్ణయించిరి. గంట మ్రోగి తరగతికి వచ్చిన పిదపకూడ వానిని ఆ పేరుతోనే పిలుచుచుండిరి. ఈ చిన్న సంగతియే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

కుస్తీ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మన నిజామాబాదు జిల్లా గ్రామములలో జాతరలకును పండుగలకును కుస్తీపోటీలు జరుగుట పరిపాటి. కొబ్బరికాయ పందెముతో మొదలై వెండి కడియముతో ముగియు నా పోటీలను మీలో పెక్కురు తండ్రుల భుజములపై గూర్చుండి చూచియే యుందురు. బోధనుకు సమీపమందలి హున్సా గ్రామమున హోలీనాటి సాయంకాలము రెండు పక్షములవారు నడుమ మోకు నుంచుకొని, యొకరినొకరు పిడికిళ్లతో గ్రుద్దుకొందురు. ఆ యాచారము మంచిదా, చెడ్డదా యను విచారము నటుంచి, దాని ముగింపును గమనింపుడు. గ్రుద్దులాట తీరగానే కొట్టినవాడును దెబ్బతిన్నవాడును కౌగిలించుకొందురు. ఆటలోని వైరము ఆటతోనే ముగియవలెనని ఆ పల్లెవారికి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు.

మన తెలుగుదేశమున మల్లుడనగానే స్మరణకు వచ్చువాడు కోడి రామమూర్తి నాయుడు. 1882వ సంవత్సరమున వీరఘట్టమున జన్మించిన ఈ మహాబలుడు మదరాసు చెంతనున్న సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున బాలురకు వ్యాయామము నేర్పెను. అనగా ఆయనయు మావలె బడిపంతులే! పిమ్మట సర్కసు స్థాపించి ఊరూర ప్రదర్శనము లిచ్చెను. రొమ్మున జుట్టిన యినుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, కదలబోవు మోటారు బండ్లను పట్టి నిలుపుట, ఏనుగును రొమ్ముపై మోయుట ఆయన విద్యలు. 'కలియుగ భీముడు' అని ప్రజలు పిలిచిరి. 1942లో మరణించువఱకును, అటుపిమ్మటను ఆయన వీరుడుగానే పూజింపబడెను. అట్టి గౌరవమునకు నోచుకొనక, దుష్టుడుగా పేరుపడి, ముసలితనమున దుష్టులకు నాయకత్వము వహించి జీవించిన మఱియొక మల్లుని కథను ఇప్పుడు చెప్పెదను. ఆతడు అమెరికావాసి యగు ఫ్రెడ్డీ బ్లాసీ.

ముందుగా ఒక మాట. మన జాతరలోని కుస్తీ వేఱు, ఈ వృత్తికుస్తీ వేఱు. ఇందు గెలుపోటములు ముందే నిర్ణయింపబడును. ఇది పోటీ కాదు, వినోదప్రదర్శనమే యని ఆ వ్యాపారము నడుపు ప్రధాన సంస్థవారే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ యెదుట ఒప్పుకొనిరి. నాటకమునందువలె ఇందును నాయకుడు, ప్రతినాయకుడు ఉందురు. దెబ్బలు పాక్షికముగా నటనయైనను, పడుట నిజము, నొప్పి నిజము.

బ్లాసీ 1918లో సెయింట్ లూయీ పట్టణమున జన్మించెను. యౌవనముననే మల్లరంగము ప్రవేశించి, వెండ్రుకలకు బంగారు వన్నె వేయించుకొని, ప్రేక్షకులను నోటికి వచ్చినట్లు నిందించుచు, ప్రత్యర్థిని కఱచుట తన గుఱుతుగా జేసికొనెను. ఆకురాయితో పండ్లు రాచుకొనుచు పత్రికలవారికి చూపెడివాడు. 1962లో జపాను దేశమునకు పోయి, అచటివారు ప్రాణసమానముగా జూచుకొను రికిడోజానుతో తలపడెను. ఆ రక్తపాతమును టెలివిజనులో జూచి కొందఱు వృద్ధులు గుండె యాగి మరణించిరని నాటి పత్రికలు వ్రాసెను. స్వదేశమునందును ప్రేక్షకులు ఆయనను పలుమార్లు కత్తులతో పొడిచిరి. వేషమును ద్వేషింపవలసినవారు మనిషిని ద్వేషించిరి. చూడుడు, కఱచినవాడు ఆడినది నాటకము. పొడిచినవాడు చేసినది నిజమైన నేరము! ఇందు దుష్టుడెవ్వడో మీరే చెప్పుడు.

తన్ను రాక్షసునిగా జూచిన ఆ జపాను దేశపు స్త్రీనే బ్లాసీ 1968లో వివాహమాడి, కడవఱకు ఆమెతో కాపురము చేసెను. ఏ లాస్ ఏంజెలీసు ప్రజలు ఆయనను తిట్టిరో, వారే కాలక్రమమున ఆయనను మెచ్చుకొనిరి. 1971లో జాన్ టోలోసుతో ఆయన పోరును జూచుటకు ఆ నగర క్రీడారంగమున 25,000 మందికి పైగా చేరిరి.

వయస్సు మీఱి మోకాళ్లు సడలిన పిమ్మట, 1970 దశకమధ్యమున బ్లాసీ మల్లుల మేనేజరాయెను. మెఱయు కోటు, చేత కఱ్ఱ, ఎడతెగని వాచాలత ఆతని యాయుధములు. ఈ మేనేజరుద్యోగ మెట్టిదో మీలో చాలమందికి తెలియకపోవచ్చును. మల్లునకు దేహబలముండి వాక్కు లేనప్పుడు, మేనేజరు వానికి వాక్కగును. ప్రేక్షకుల కోపమును రగిల్చి, దానిని తన శిష్యునిపైకి మరల్చును. తాను వెనుక నిలిచి, వేఱొకని పేరు పెంచును. 1976 జూన్ 26న టోక్యోలో మహమ్మద్ అలీ అంతటి ముష్టియోధుడు ఇనోకి యను మల్లునితో పోరినప్పుడు అలీ ప్రక్కన నిలిచిన వారిలో బ్లాసీ యొకడు. 1979లో హల్క్ హోగను దుష్టపాత్రధారిగా వచ్చినప్పుడు వానికి మేనేజరు బ్లాసీయే. 1983 డిశంబరు 26న బ్లాసీ శిష్యుడగు ఐరన్ షేక్ ప్రపంచ విజేత బిరుదమును గెలిచెను. నెల తిరుగకమున్నే దానిని గెలుచుకొని లోకమునకు వీరుడైనవాడు ఆ హోగనే! శిష్యుడే గురువుయొక్క మఱియొక శిష్యుని నోడించెను. వీరుని తయారుచేయుటలో దుష్టునిది సగపాలని దీనివలన స్పష్టము కాదా? బ్లాసీ 1986లో విరమించి, 2003లో కాలధర్మము నొందెను.

ఈ జీవితమునుగూర్చి నా యభిప్రాయము రెండు విధములుగా నున్నది. మొదటిది మెప్పు. దుష్టపాత్రధారి ఓడవలసినవాడు, అందఱి తిట్లు తినవలసినవాడు, అంతేకాక, ప్రత్యర్థి శరీరము తన చేతిలో నున్నంతసేపు దానికి గాయము కాకుండ కాపాడవలసినవాడు. తన కీర్తిని తగ్గించుకొని యెదుటివాని కీర్తిని పెంచు పని సామాన్యమైనది కాదు. 1963లో వచ్చిన నర్తనశాల చలనచిత్రమున ఎస్.వి. రంగారావు కీచకుడు కాకున్నచో భీముని బలమును మన మెట్లు గ్రహించి యుందుము?

రెండవది నింద. ఐరన్ షేక్ నిజముగా ఇరాను దేశస్థుడు. అమెరికా కుస్తీవీరులకు శిక్షణ నిచ్చినవాడు. 1979లో టెహరానులో అమెరికా రాయబార కార్యాలయపువారు బందీలైన యుదంతమువలన ప్రజలలో బుట్టిన కోపమును ఆతని వేషము సొమ్ముగా మార్చెను. బ్లాసీ మఱియొక శిష్యుడగు నికోలాయ్ వోల్కాఫ్ రష్యా దేశాభిమానిగా నటించెను. నిజమునకు ఆతడు కమ్యూనిస్టు పాలనలోని యుగోస్లావియాను విడిచి వచ్చినవాడు. ఒకని దుర్గుణమును ద్వేషింపజేయుట నాటకము. ఒక జాతిని ద్వేషింపజేయుట విషము. అందు బ్లాసీ పాలు లేదని నేను చెప్పజాలను.

ఈ కుస్తీని పిల్లలు చూడనేకూడదని కొందఱు తలిదండ్రులు నాతో ననిరి. వారి భయము నిర్హేతుకము కాదు. ఏండ్లతరబడి శిక్షణ పొందినవారే మెడలు, వెన్నెముకలు చెడగొట్టుకొనుచుండగా, మీరు సిమెంటు నేలపై నా పట్లను అనుకరించుట ప్రాణాపాయము. ఆ విషయమున నాది కఠినమైన యాజ్ఞ. కాని చూచుటను మాన్పుటకంటె చూచెడి విధమును నేర్పుట మేలని నా మతము.

ఏలయన, వేషమును మనిషిగా భ్రమించు దోషము బాలురది మాత్రమే కాదు. అది నాదియు. పూర్వము నేను పనిచేసిన యొక పాఠశాలలో వార్షికోత్సవ నాటకమున కీచకుని వేషము నొక పొడుగరి బాలునిచేత వేయించితిని. వాడు అద్భుతముగా నటించెను. ఆనాటినుండి బడియంతయు వానిని కీచకుడనెను. నేనును నవ్వుచు నూరకుంటిని. కొన్ని దినములకు కిటికీ అద్ద మొకటి పగిలినప్పుడు, విచారింపకయే నేను ముందుగా వానినే నిలబెట్టి యడిగితిని. వాడు తల వంచుకొని, "అయ్యా, అద్దము నేను పగులగొట్టలేదు. ఆ వేషము మీరే నాకు వేసినారు గదా" అనెను. అద్దము పగులగొట్టినవాడు వేఱొకడని మఱునాడు తేలెను. నేను తరగతి యెదుట వానిని క్షమాపణ వేడితిని. కాని వాడు మరల రంగస్థల మెక్కలేదు. మంచి నటు నొకని నేను పోగొట్టితిని.

ప్రియ విద్యార్థులారా! మీ యాటలలో దుష్టుడు అవసరమే. వానిని బలహీనునిపై రుద్దకుడు; బలవంతులు వంతులవారీగా వహింపుడు. గంట మ్రోగగానే ఆ పేరును వేపచెట్టు క్రిందనే విడిచి రండు. హున్సా పల్లెవారివలె, కొట్టిన చేతులతోనే కౌగిలించుకొనుడు. ఉపాధ్యాయులమగు మేమును హాజరుపట్టీలోని పేరుతోనే మిమ్ము పిలుతుము.