బీపీ ఎంత?

చేవెళ్ల కూరగాయల మార్కెట్లో బేరం ముదిరితే చాలు, "ఊకె నాకు బీపీ లేపకు" అనే మాట వినబడుతుంది. మొయినాబాద్ బస్సులో సీటు దగ్గర గొడవైనా అదే మాట. మన వాడుకలో బీపీ అంటే కోపం. కోపిష్ఠికి బీపీ ఉందంటాం, నెమ్మదస్తుడికి లేదనుకుంటాం. ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తోంది.

రక్తం ప్రవహిస్తూ నాళాల గోడల మీద చూపే ఒత్తిడే బీపీ. అది బతికున్న ప్రతి మనిషికీ ఉంటుంది. గుండె ముడుచుకున్నప్పటిది పై అంకె, సడలినప్పటిది కింది అంకె. వేర్వేరు రోజుల్లో చూసినా పైది 140కి గానీ, కిందిది 90కి గానీ తగ్గకపోతే దాన్ని అధిక రక్తపోటు అంటారు. కోపంలో ఒత్తిడి పెరిగే మాట నిజమే, కానీ చల్లబడగానే దిగుతుంది. జబ్బుగా మారిన బీపీ అలా దిగదు. చాలామందిలో ఏళ్ల తరబడి నొప్పీ బాధా ఏమీ లేకుండా ఉండి, ఒకనాడు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో 21 శాతం, పురుషుల్లో 24 శాతం మందికి బీపీ ఎక్కువ ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు.

"నిమ్మళంగనే ఉన్న కదా, గోలీ ఎందుకు?" అని మధ్యలో మానేసేవాళ్ల గురించే ఎక్కువ భయపడాలి. అంకె దిగింది గోలీ వల్లనే, మానేస్తే మళ్లీ ఎక్కుతుంది.

కొలిచే పద్ధతీ ముఖ్యమే. పట్టీ చుట్టేముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. అంతకు అరగంట ముందు నుంచి చాయ్, బీడీ ముట్టకూడదు. "బాగనే ఉంది" అని పంపేయకుండా దవాఖానావాళ్లు రెండు అంకెలూ చీటీ మీద రాసి, నోటితోనూ చెప్పాలి.

30 ఏళ్లు దాటినవారికి ఆశాలు, ఏఎన్ఎంలు పరీక్షలు చేయిస్తున్నారు. సర్కారు దవాఖానాలో మందులకు పైసలు తీసుకోరు. మంచి పనే. అయితే మొయినాబాద్ పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు, చేవెళ్ల కూరగాయలు మెహిదీపట్నం రైతుబజారుకు పొద్దు పొడవకముందే బయల్దేరతాయి. వాటి వెంట వెళ్లే రైతులు ఓపీ వేళకు ఊళ్లో దొరకరు. అందుకే బీపీ మిషన్‌నే వాళ్ల దగ్గరికి తేవాలి. ఆ మార్కెట్లలో వారానికో ఉదయం ఒక నర్సు, ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. అంకె ఎక్కువొచ్చినవారు అదే చీటీతో ఊరి పల్లె దవాఖానాలో మళ్లీ చూపించుకుని, డాక్టర్ చెబితే గోలీలు మొదలుపెట్టొచ్చు.