బొమ్మకు రాజకీయం లేదా?

"బొమ్మకు భాష లేదు, రాజకీయమూ లేదు" అని మా ఊరి తెలుగు సంఘం సమావేశంలో ఈమధ్య ఒక పెద్దాయన సెలవిచ్చారు. అందుకు సాక్ష్యంగా జర్మనీ పత్రికా చిత్రకారుడు ఎరిఖ్ ఓజర్ గీసిన 'తండ్రీ కొడుకూ' పుస్తకం పైకెత్తి చూపించారు. ఒక్క మాట లేకుండా లోకాన్ని నవ్వించాడు, చివరికి నాజీల పాలబడి చనిపోయాడు, అమరుడు అన్నారు. మన పిల్లలకు తెలుగు చదవడం రాకపోయినా ఇలాంటి బొమ్మలుంటే చాలునని కూడా అన్నారు. సభంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పుకోవాలి గదా!

ఓజర్ పుట్టింది 1903లో, పెరిగింది ప్లౌవెన్ అనే ఊళ్లో. ముందు తాళాల పని నేర్చి, తర్వాత లైప్‌జిగ్‌లో చిత్రకళ చదివాడు. కవి కేస్ట్నర్, పాత్రికేయుడు క్నౌఫ్ అతని ప్రాణస్నేహితులు. ముగ్గురి పేర్లూ ఎరిఖే. 1927లో కేస్ట్నర్ శృంగార పద్యానికి ఓజర్ బొమ్మ వేస్తే, అది అచ్చయి పెద్ద గొడవై కేస్ట్నర్ ఉద్యోగం ఊడింది. తర్వాత బెర్లిన్ చేరి, సోషల్ డెమోక్రాట్ల పత్రికలో ఓజర్ హిట్లర్‌నీ గోబెల్స్‌నీ ఎండగడుతూ కార్టూన్లు గీశాడు. ఆ బొమ్మలకు రాజకీయం లేదని ఎవరనగలరు? నాజీలు మాత్రం అనలేదు. గద్దెనెక్కాక గుర్తుపెట్టుకుని, 1934లో అతనికి పత్రికల్లో పనిచేసే అనుమతి నిరాకరించారు.

అదే ఏడు ఒక పెద్ద సచిత్ర వారపత్రికకు బొమ్మల వరస కావలసివచ్చింది. మారుపేరు పెట్టుకుని, రాజకీయం జోలికి పోకుండా గీస్తే సరేనన్నారు. తన పేరులోని రెండు పొడి అక్షరాలకు ఊరి పేరు తగిలించి 'ఇ.ఓ. ప్లౌవెన్' అయ్యాడు. మనకిది కొత్త కాదు. తరాల కిందట వదిలొచ్చిన, కంటితో చూడని ఊళ్లు మన ఇంటిపేర్లలో బతికే ఉన్నాయి. మనకు ఊరి పేరు గుర్తు, అతనికి ముసుగు. అంతే తేడా.

1934 డిసెంబరు నుంచి 1937 డిసెంబరు దాకా ఆ బొమ్మలు వచ్చాయి. బట్టతల, గుబురు మీసం, బొజ్జ ఉన్న తండ్రి, చింపిరి జుట్టు కొడుకు. ఒకదాంట్లో కొడుకు నేలమీద బోర్లా పడుకుని పుస్తకం చదువుతుంటాడు. భోజనానికి పిలవడానికి తండ్రి వెళతాడు. కొడుకు వస్తాడు గాని తండ్రి రాడు. చూస్తే ఆయనే బోర్లా పడుకుని ఆ పుస్తకం చదువుతుంటాడు! ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వొస్తుంది. కాని పాఠకులు ఒకటి గమనించాలి. ఆ మౌనం కళాకారుడి ఎంపిక కావచ్చు. అదే సమయంలో, అతని నోటికి వేసిన తాళం కూడా అదే.

పెద్దాయన చెప్పనిది 1940 తర్వాతి సంగతి. ఆ ఏడు మొదలైన 'దస్ రైష్' వారపత్రికలో సంపాదకీయాలు రాసింది గోబెల్స్. అదే పత్రికలో చర్చిల్, రూజ్వెల్ట్, స్టాలిన్‌లను వెక్కిరిస్తూ బొమ్మలు గీసింది మన ఓజరే. ఎవర్ని ఎండగట్టాడో ఆయన పత్రికకే గీశాడు. భార్య ఉంది, 1931లో పుట్టిన కొడుకున్నాడు, ఇల్లు గడవాలి. నిజమే. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో సంతకాలు చేసినవాణ్ణి, "పైనుంచి ఆర్డరు వచ్చింది" అనే మాటను నేనూ వాడాను. అందుకే అది ఎంత మెత్తని దిండో నాకు తెలుసు. కాని ఖాతాలో ఖర్చు పద్దుని జమ పద్దులో కలిపేసి, నికరం మాత్రం చూపిస్తే దాన్ని లెక్క అనరు, కప్పిపుచ్చడం అంటారు. చావు జమ అయింది గనక 'దస్ రైష్' పద్దు కొట్టివేస్తామంటే నేనొప్పుకోను.

ఇక ఆ చావు. 1943 బాంబుదాడుల్లో కొంప పోగా, ఓజర్, క్నౌఫ్ బెర్లిన్ శివారు కౌల్స్‌డోర్ఫ్‌లో ఒకే ఇంట్లో చేరారు. ఓజర్‌కు చెవుడు, మాటలు గట్టిగా సాగేవి. హిట్లర్ మీద, గోబెల్స్ మీద వాళ్లు వేసుకున్న జోకుల్ని అదే ఇంట్లో ఉన్న ఒక సైనికాధికారి రాసిపెట్టుకుని ఫిర్యాదు చేశాడు. 1944 మార్చి 28న ఇద్దరినీ పట్టుకుపోయారు. విచారణ ముందురాత్రి, ఏప్రిల్‌లో, ఓజర్ జైలుగదిలో ఉరిపోసుకున్నాడు. తప్పంతా తనదేనని రాసి స్నేహితుణ్ణి కాపాడబోయాడు. ఫలించలేదు. మే 2న క్నౌఫ్‌ను చంపేశారు. వాళ్ల ప్రాణం తీసింది సొంత ఇంట్లో సొంత భాషలో ఆడుకున్న మాట. భాష లేకపోతే చాలునని పిల్లలకు చెప్పేముందు దీన్ని కాస్త ఆలోచించండి.

క్నౌఫ్ భార్యకు తర్వాత ఒక బిల్లు వచ్చింది. భర్తను చంపినందుకైన ఖర్చు 585 మార్కుల 74 ఫెనిగ్‌లు. ఆ 74 దగ్గర నేను ఆగిపోయాను. దాన్ని ఎవరో గుమాస్తా కూడి ఉంటాడు, ఇంకొకడు సరిచూసి ఉంటాడు, ఆఫీసరొకడు సంతకం పెట్టి ఉంటాడు. పైసాతో సహా సరిపోయిందని ఆ సాయంత్రం తృప్తిగా ఇంటికెళ్లి ఉంటారు. అడిగితే వాళ్లూ అదే అనేవారు, "లెక్కకు రాజకీయం లేదు" అని.

అయ్యా పెద్దాయనా, మీ పుస్తకం పిల్లలకు తప్పక చూపించండి. పక్కనే 'దస్ రైష్' బొమ్మలూ, ఆ బిల్లూ పెట్టండి. అప్పుడు చప్పట్లు నేనూ కొడతాను.