రెండు స్పోకులు, ఒక ఆర్‌డీ

వారమంతా హైదరాబాద్‌లో కోడ్ రాసి, శనివారం పొద్దున్నే విజయవాడ ఇంటికి చేరా. వరండాలో నాన్న రాజ్‌దూత్ 350 మీద కవర్ కప్పే ఉంది. దాని మీద దుమ్ము కూడా.

"అమ్మేద్దాంరా. బాగా వణుకుతోంది. రెండు కార్బొరేటర్లూ మార్చాలంటున్నాడు మెకానిక్" అన్నారు నాన్న, నా మొహం చూడకుండా.

ఈ బండి తెలియనివాళ్ల కోసం చిన్న పరిచయం. యమహా ఆర్‌డీ350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో ఈ పేరుతో మన దగ్గరికి తెచ్చింది. 347 సీసీ, టూ స్ట్రోక్. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. యాక్సిలరేటర్ మాత్రం ఒక్కటే. దాని కేబుల్ మధ్యలో చీలి రెండు కార్బొరేటర్లకీ, ఆయిల్ పంపుకీ వెళ్తుంది.

తంటా అంతా అక్కడే. కేబుళ్లు రెండూ ఒకేలా సాగవు కదా! ఒక కార్బొరేటర్‌లో స్లైడ్ ముందు లేస్తుంది, రెండోది ఆలస్యంగా. ఒకడు పనిచేస్తుంటే ఇంకొకడు ఆవలిస్తుంటాడు. కాలేజీలో మన గ్రూప్ ప్రాజెక్టు గుర్తొచ్చిందా?

బండి స్టార్ట్ చేసి రెండు సైలెన్సర్ల వెనకా చెయ్యి పెట్టి చూశా. ఎడమది గట్టిగా కొడుతోంది, కుడిది నీరసంగా ఉంది. ప్లగ్గులు అటూ ఇటూ మార్చినా కుడిదే నీరసం. అంటే ప్లగ్గుది తప్పు కాదు.

ఫోర్ స్ట్రోక్ ట్విన్ బళ్లకైతే పారదర్శకమైన సన్న ట్యూబులో కొంచెం ఆయిల్ పోసి, రెండు కొసల్నీ ఇంజిన్ వైపు వాక్యూమ్ పోర్టులకి తగిలిస్తారు. వాక్యూమ్ ఎక్కువున్న వైపు ఆయిల్ పైకెక్కుతుంది. రెండువైపులా సమానం అయ్యేదాకా స్క్రూ తిప్పడమే. మన ఆర్‌డీకి ఆ పోర్టులు లేవు. స్లైడ్లనే చూసి సరిచెయ్యాలి.

పాత సైకిల్ నుంచి రెండు స్పోకులు తీసి, 15 సెంటీమీటర్లకి కోశా. నిపుల్ ఉన్న కొసకి ఎర్ర టేపు చుట్టా. ఇంజిన్ ఆపి, పెట్రోల్ కాక్ కట్టేసి, ఎయిర్ ఫిల్టర్ పక్కకి తీశా. ఒక్కో కార్బొరేటర్ నోట్లో ఒక్కో స్పోకు, లోపలి కొస స్లైడ్ కింద. బరువైన కొస బయట. లోపల 3, బయట 12 సెంటీమీటర్లు. తూకం కట్టెలాగన్నమాట. స్లైడ్ అర మిల్లీమీటర్ లేస్తే ఎర్ర కొస 2 మిల్లీమీటర్లు దిగుతుంది. కంటికి ఆనని తేడా కనబడిపోతుంది!

ముందు ఐడ్లింగ్ స్క్రూలతో రెండు కొసల్నీ ఒకే ఎత్తుకి తెచ్చా. తర్వాత యాక్సిలరేటర్ మెల్లగా తిప్పితే ఎడమ స్పోకు కదిలింది, కుడిది కదల్లేదు. దొంగ దొరికాడు. రెండు కేబుళ్లూ లూజే, కుడిది మరీ లూజు. అడ్జస్టర్లు తిప్పి, 1 మిల్లీమీటర్ లూజు ఉంచి, రెండూ ఒకేసారి దిగేలా చేశా. గంటన్నర పట్టింది. ఖర్చు సున్నా.

ఫిల్టర్ పెట్టేసి, హీరోలా కిక్ మీద కాలు వేశా. అప్పటిదాకా పేపర్ చదువుతున్న నాన్న తలెత్తకుండానే అడిగారు.

"పంపు చూశావా?"

చూడలేదు. కార్బొరేటర్ల లూజు తీసేశాక స్లైడ్లు మునుపటికంటే ముందే లేస్తాయి. పంపు కేబుల్ మాత్రం పాత చోటే ఉంది. ఇంజిన్‌కి గాలీ పెట్రోలూ ఎక్కువ వెళ్తాయి, ఆయిల్ మాత్రం వెనకబడుతుంది. హైవే మీద రేస్ చేస్తే పిస్టన్ పట్టేసేది. వెనక చక్రం లాక్ అయ్యేది. బండి మీద నాన్న ఉండేవారు.

నా కాళ్లలో సత్తువ పోయింది. పేపర్ మడిచి నాన్నే వచ్చారు. కవర్ తీసి, పంపు పుల్లీ మీది గుర్తు పిన్నుకి ఎదురుగా ఎప్పుడు రావాలో చూపించారు. కళ్లజోడు లేదు, వేలితో తడిమి చెప్పారు. నేను బిగించా.

ఫ్రెండ్స్, మీరూ ట్రై చేస్తే వరస మర్చిపోకండి. ముందు కార్బొరేటర్లు, ఆ తర్వాత తప్పకుండా పంపు. స్పోకులు బయటికి తీశామో లేదో రెండుసార్లు లెక్కపెట్టండి.

ఈసారి కిక్ నాన్నే కొట్టారు. రెండు సైలెన్సర్లూ ఒకే గొంతుతో పలికాయి.

సోమవారం స్టాండప్ కాల్‌లో ఉండగా వాట్సాప్ మోగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బండి ఫొటో. కింద రెండే మాటలు: "అమ్మట్లేదు. ఆదివారం రా."