బడి బాగుకు నిధులు: వినతి కన్నా తీర్మానానికే బలం

ప్రభుత్వ పాఠశాల పైకప్పు కారుతుంటే ఉపాధ్యాయులు సాధారణంగా మండల విద్యాధికారికి వినతిపత్రం రాస్తారు. చట్టం అంతకన్నా బలమైన మార్గం చూపింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం, పాఠశాల యాజమాన్య కమిటీ రూపొందించే అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ గ్రాంట్లకు ప్రాతిపదిక. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. వారి తీర్మానం తోడైతే ఉపాధ్యాయుని అభ్యర్థన ఊరి కోరికగా మారుతుంది.

సమగ్ర శిక్ష కింద ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటుకు విద్యార్థుల సంఖ్యే కొలమానం. 30 మందికి మించని బడికి 10 వేల రూపాయలు, వెయ్యి మంది దాటితే లక్ష. చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లలు తగ్గినంత మాత్రాన కప్పు మరమ్మతు ఖర్చు తగ్గదు. పైగా ఈ సొమ్ములో కనీసం 10 శాతం పారిశుద్ధ్యానికి కేటాయించాలి. కరెంటు బిల్లు, సుద్దముక్కల ఖర్చూ ఇందులోనిదే.

కనుక చిన్న బడులు దాతల వైపు చూడక తప్పదు. కేంద్ర విద్యాశాఖ నిర్వహించే విద్యాంజలి పోర్టల్‌లో పాఠశాలలు తమ అవసరాలను నమోదు చేయవచ్చు. 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు కేటాయించింది. విద్య ఆ జాబితాలో ఉంది. అయితే సంస్థలను కదిలించేది సాయం కోరే ఉత్తరం కాదు. ఇంజినీరు అంచనా, కమిటీ తీర్మానం, ఫొటోలు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇవన్నీ పాఠం చెప్పే వ్యక్తే సమకూర్చాలి. కనీసం అంచనాల తయారీకైనా మండల స్థాయిలో సాయం ఏర్పాటు చేయడం అవసరం.