అన్నవాహిక క్యాన్సర్‌: కణితిలో సైన్యం ఎంత?

అన్నవరం: రత్నగిరిపై సత్యదేవుని దర్శించుకున్న భక్తుడు అడ్డాకులో కట్టి ఇచ్చే గోధుమనూక ప్రసాదాన్ని కళ్లకద్దుకుని నోట వేసుకుంటాడు. మెత్తని ఆ ప్రసాదం సైతం గుండెల వద్ద ఆగినట్లనిపించి, గుక్కెడు నీళ్లు తాగితే తప్ప దిగకపోతే? ‘గ్యాసు’ అనుకుని మందుల దుకాణంలో బిళ్లలు కొనుక్కుని నెలలు గడిపేవారికి మన మెట్ట గ్రామాల్లో కొదవ లేదు. మొదట అన్నం, తరువాత జావ, చివరకు మంచినీరు.. ఇలా వరుసగా మింగుడుపడకపోవడం అన్నవాహిక క్యాన్సర్‌ ప్రధాన లక్షణం. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.11 లక్షల మందిలో ఈ వ్యాధి బయటపడగా, అదే ఏడాది 4.45 లక్షల మంది దీనికి బలయ్యారు. మన దేశంలో చుట్ట, బీడీ, నమిలే పొగాకు, మద్యం దీనికి ముఖ్య కారణాలు.

వ్యాధి దశ ఒకటే, శస్త్రచికిత్స ఒకటే అయినా ఒక రోగి ఏళ్ల తరబడి బతకడం, మరొకరు ఏడాది తిరక్కుండానే కన్నుమూయడం వైద్యులకు కొత్త కాదు. ఈ తేడాకు కారణం కొంతమేర కణితి లోపలే ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. కోసి తీసిన కణితిని సూక్ష్మదర్శినిలో చూస్తే క్యాన్సర్‌ కణాల నడుమ రోగి సొంత రక్షణ కణాలూ కనిపిస్తాయి. వాటిలో ‘సీడీ8’ టీ కణాలు కీలకం. శత్రు కణాన్ని గుర్తించి నేరుగా చంపేవి ఇవే. ఇవి కణితిలోకి బాగా చొచ్చుకుపోయిన రోగులు ఎక్కువకాలం జీవించినట్లు జర్మనీ పరిశోధకులు 2001లో వెల్లడించారు. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయ బృందం 2003లో 122 మంది రోగుల కణితులను పరిశీలించి మరో అడుగు ముందుకేసింది. సీడీ8తో పాటు వాటికి తోడ్పడే ‘సీడీ4’ కణాలు కూడా దండిగా ఉన్నవారికే ఆయుష్షు మెరుగ్గా ఉందని తేల్చింది. సిపాయిలున్నా దళపతి లేకుంటే యుద్ధం సాగదన్నమాట.

ఇంటిదొంగలూ ఉన్నారు

కణితిలో చేరిన ప్రతి రక్షణ కణమూ మిత్రుడే అనుకోరాదు. మన రక్షణ వ్యవస్థ మన శరీరంపైనే తిరగబడకుండా ఆపే ‘నియంత్రక టీ కణాలు’ ఉన్నాయి. 2025 నోబెల్‌ వైద్య బహుమతి వీటి గుట్టు విప్పిన మేరీ బ్రంకో, ఫ్రెడ్‌ రామ్స్‌డెల్‌, షిమోన్‌ సకాగుచిలకు దక్కింది. అవే కణాలు కణితిలో తిష్ఠ వేస్తే సీడీ8ల చేతులు కట్టేస్తాయి. మరోవైపు క్యాన్సర్‌ కణం ‘పీడీ-ఎల్‌1’ అనే ప్రోటీన్‌తో టీ కణంపై ఉండే ‘పీడీ-1’ మీటను నొక్కి దానిని నిద్రపుచ్చుతుంది.

ఆ మీటను అడ్డుకునేవే నేటి ఇమ్యునోథెరపీ మందులు. కీమో, రేడియేషన్‌, శస్త్రచికిత్స తరువాత కూడా వ్యాధి ఆనవాళ్లు మిగిలిన రోగులకు నివోలుమాబ్‌ ఇవ్వగా, వ్యాధి తిరగబెట్టకుండా గడిచిన కాలం 11 నెలల నుంచి 22.4 నెలలకు పెరిగినట్లు 2021లో వెల్లడైంది. శస్త్రచికిత్సకు వీలులేని దశలో కీమోకు పెంబ్రోలిజుమాబ్‌ జోడిస్తే సగటు జీవితకాలం 9.8 నుంచి 12.4 నెలలకు చేరింది. రెండున్నర నెలలే కదా అని తేలిగ్గా తీసేయలేం, అద్భుతమని ఊదరగొట్టనూ లేం.

మన రోగికి అసలు చిక్కు ఖరీదే. ఇక్కడ ముంబయిలోని టాటా మెమోరియల్‌ వైద్యుల ప్రయోగం ఆశ కలిగిస్తోంది. ముదిరిన తల, మెడ క్యాన్సర్‌ రోగులకు సాధారణ మోతాదులో చిన్న వంతుగా, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను ఇతర మందులతో కలిపి ఇవ్వగా, ఏడాది పాటు బతికినవారు సుమారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. అన్నవాహికకు ఈ లెక్కను నేరుగా అన్వయించడం తొందరపాటే. అయినా రెండుచోట్లా ఎక్కువగా కనిపించేది పొలుసు కణాల క్యాన్సరే కావడం గమనార్హం.

అన్నవరం వాసులకు ఇటు కాకినాడ సర్వజన ఆసుపత్రి, అటు జాతీయ రహదారిపై విశాఖ వైపు వెళితే అగనంపూడిలో టాటా సంస్థకు చెందిన హోమీబాబా క్యాన్సర్‌ ఆసుపత్రి ఉన్నాయి. మింగడం కష్టమైతే ఎండోస్కోపీ, అనుమానం ఉంటే బయాప్సీ చేయించుకోవాలి. బయాప్సీ ముక్కను ల్యాబులో మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు. వేరే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు ఆ దిమ్మెను, గాజు పలకలను కూడా అడిగి తీసుకెళితే పీడీ-ఎల్‌1 పరీక్ష కోసం రోగి గొంతులో మరోసారి గొట్టం వేయాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.