పసరుకు ముందు రక్తపరీక్ష

సుల్తానాబాద్ పల్లెల్లో పసిరికలు సోకితే నేల ఉసిరి పసరు తాగేవారున్నారు. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయనక్కరలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ 'బి' ఉన్న 37 మందికి నెల రోజులు ఈ మొక్క పొడి ఇవ్వగా, 22 మంది రక్తంలో దాని గుర్తు కనిపించలేదు. మందు లేని గుళికలు మింగిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. కాని తర్వాతి పరీక్షల్లో ఈ ఫలితం నిలవలేదు.

కలుషిత నీటితో వచ్చే 'ఎ' రకం చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. పేరు పసరుకు దక్కుతుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడితే మాత్రం పసరుతో గడిపిన వారాలే ప్రాణం మీదికి తెస్తాయి. ఆకుమందుతో హాని లేదనుకోవడానికీ వీల్లేదు. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు; ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు.

పసరు పోసేవారే రోగిని ముందు సర్కారు దవాఖానాకు పంపేలా వైద్యాధికారులు వారిని పిలిచి మాట్లాడాలి.