ప్రశ్న ఏ భాషలో?

కొనువారి మనసెరిగి సరకు నమ్ముట వర్తకుల విద్య. ఈ విపణి విద్య వ్యాపారేతర సంస్థలకును వర్తించునని ఫిలిప్ కోట్లర్, సిడ్నీ లెవీ అను అమెరికా ఆచార్యులు 1969లో వాదించిరి. నేడు కళాశాలలును, ఆసుపత్రులును, సేవాసంస్థలును ప్రశ్నపత్రములు పంచి అభిప్రాయములు సేకరించుచున్నవి. మంచిదే. కాని ఏ భాషలో?

2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు తమిళనాట 42 లక్షలకు, కర్ణాటకమున 35 లక్షలకు పైబడిరి. మన విద్యార్థులు ఏ భాషలో నడిగినను జవాబు వ్రాయుదురు. వారి చింత మాకు లేదు. చిక్కు ముసలివారిది. మన అవ్వలు సంతలో తమిళముననో కన్నడముననో ధారాళముగా బేరమాడుదురు గాని, నొప్పి సలుపో, పోటో, తీపో తెలుగుననే చెప్పగలరు. వారి పత్రమును మనుమడు నింపును. 'సంతృప్తి' అను గడిలో గుర్తు పెట్టి బండి వేళ యైనదని లేచును. లెక్క చూచువారికి అవ్వకు ఏ కొరతయు లేదు!

తెలుగు పత్రము అచ్చువేసినను చాలదు. ఇంట తెలుగాడియు మన లిపి చదువలేనివారు మనలో ననేకులు. కావున పత్రమున మాతృభాషకొక గడియు, తెలుగున నోట నడుగు మనిషియు నుండవలెనని ఆసుపత్రుల వారిని కోరుచున్నాము. ఆ మనిషిని వారమున కొకపూట పంపు భారము మన శాఖాసంఘములు వహింపవలెను.